దంతెవాడ రాయి మీద ఓరుగల్లు వంశం

2022 జూలై 7న తెలంగాణ ప్రభుత్వం వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహం మొదలుపెట్టింది. ఆ వేడుకకు అతిథిగా వచ్చినవాడు బస్తర్ రాజవంశానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్. కాకతీయుల ఇరవైరెండో తరం వారసుడు పుట్టింటికి వచ్చాడని పత్రికలు రాశాయి. ఓరుగల్లు కోట 1323లో పడిపోయింది. ఏడు వందల ఏళ్ల తర్వాత ఆ ఇంటివాడని ఒక మనిషిని జనం పూలతో ఎదుర్కోవడం తెలుగువాడి గుండెను కదిలించే సంగతే. ఆ ఆదరాన్ని తక్కువ చేయకుండానే ఒక ప్రశ్న అడగాలి. ఈ ఇరవైరెండు తరాలను ఎవరు, ఎప్పుడు, దేని మీద రాసి పెట్టారు?

ఇలాంటి ప్రశ్నకు తీరిగ్గా జవాబు వెతికిన మనిషి రాయ్ బహదూర్ హీరాలాల్. 1867లో పుట్టి 1934లో పోయిన ఈ మధ్యపరగణాల పండితుడు బస్తర్ అడవుల్లోని శాసనాలను చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించాడు. 1916లో మధ్యపరగణాల, బేరారు శాసనాల పట్టికను పుస్తకంగా తెచ్చాడు. బస్తర్ గురించి ఇవాళ ఎవరు ఏం రాసినా ఆయన వేసిన బాటలోనే నడవాలి. ఈ ఉపన్యాసం ఆయన స్మృతికే.

కుటుంబాల జాడ తీసే పనిలో ప్రపంచమంతా ఇంగ్లండు వైపు చూస్తుంది. దానికి కారణం ఉంది. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చికీ ఒక ఆజ్ఞ పంపాడు. ఆ వారం ఊళ్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఆదివారం నాడు ఒక పుస్తకంలో ఎక్కించాలి, ఆ పుస్తకాన్ని తాళాలు వేసిన పెట్టెలో భద్రపరచాలి. 1598లో వాటిని తోలు కాగితాల మీదికి ఎత్తి రాయాలనీ, ఏటా ఒక నకలు బిషప్పుకు పంపాలనీ మరో ఆజ్ఞ వచ్చింది. రాజు పేరే కాదు, కూలివాడి పేరూ ఆ పుస్తకంలో ఉంటుంది. డెవన్ ప్రాంతంలోని కోలిటన్ అనే చిన్న ఊరి పుస్తకాలు పట్టుకుని ఇ.ఎ. రిగ్లీ 1960లలో ఆ ఊరి కుటుంబాలను ఒక్కొక్కటిగా మళ్లీ నిలబెట్టాడు. ఎవరు ఏ వయసులో పెళ్లాడారో, ఎంతమంది పిల్లల్ని కన్నారో, ఎందరు బతికారో లెక్క తేల్చాడు.

ఆ పని చేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కొడుకు నుంచి తండ్రికి, తండ్రి నుంచి తాతకు కిందినుంచి పైకి ఎక్కాలి. ఒక్కో మెట్టుకూ దాని సాక్ష్యం దానికి ఉండాలి. పేరు కలిసిందని మనిషి కలిసినట్టు కాదు. పై మెట్టు గొప్పదని కింది మెట్టు గట్టిపడదు. బస్తర్ వంశావళిని ఇదే కట్టుబాటుతో చదివితే ఏమవుతుంది?

బస్తర్‌లో చర్చి పుస్తకం లేదు కానీ ఒక జంట శాసనం ఉంది. శంఖిని, డంకిని నదులు కలిసే చోట దంతెవాడలో దంతేశ్వరి గుడి ఉంది. అక్కడ రాజు దిక్పాలదేవుడు సంవత్ 1760లో, అంటే క్రీ.శ. 1703లో, రెండు రాళ్లు చెక్కించాడు. ఒకదాని మీద సంస్కృతం, రెండోదాని మీద ఆ ప్రాంతపు హిందీ మాండలికం. సంస్కృతం చదవగలిగేవాళ్లు కలియుగంలో తగ్గిపోతారు కాబట్టి రెండో రాయి భాషలో రాయిస్తున్నామని ఆ శాసనమే చెబుతుంది. దాన్ని రాయించినవాడు రాజగురువు భగవాన్ మిశ్రుడు, మైథిల బ్రాహ్మణుడు. ఛత్తీస్‌గఢీ భాషకు తొలి రాతల్లో ఒకటిగా దీన్ని ఇవాళ పాఠాల్లో చెబుతున్నారు. తర్వాతి కాలంలో చదివేవాళ్ల గురించి ఇంతగా ఆలోచించి చెక్కిన రాయి మన దేశంలో అరుదు.

శాసనం సందర్భం ఒక జాతర. దిక్పాలదేవుడు నవరంగపూర్ కోట పట్టుకుని, మళ్లీ అక్కడ ఒడియా రాజునే నిలిపాడు. తర్వాత ఊరి జనమంతా వెంట రాగా దంతేశ్వరికి కుటుంబయాత్ర చేశాడు. చైత్ర శుద్ధ చతుర్దశి నాడు మొదలై వైశాఖ బహుళ తదియ నాడు యాత్ర ముగిసింది. వేల దున్నలు, మేకలు బలి అయ్యాయి, అయిదు రోజులు శంఖిని నది ఎర్రగా పారిందంటుంది శాసనం.

ఇక్కడ తెలుగు చదువరి ఒక్క క్షణం ఆగుతాడు. మన పంచాంగంలో చైత్ర పౌర్ణమి తర్వాత వచ్చేది చైత్ర బహుళమే. వైశాఖ బహుళ తదియ అంటే నెల దాటిపోతుంది. మరి అయిదు రోజులేమిటి? ఉత్తరాదిన పౌర్ణమితో నెల ముగుస్తుంది, మర్నాటి నుంచే వైశాఖం. ఆ లెక్కన చతుర్దశి, పౌర్ణమి, పాడ్యమి, విదియ, తదియ. సరిగ్గా అయిదు రోజులు. తిథులు, నది ఎర్రబారిన రోజులు ఒకదానికొకటి సాక్ష్యం పలుకుతున్నాయి. మరో సంగతి కూడా బయటపడుతుంది. 1703 నాటికి ఈ కొలువులో కాలం లెక్క ఉత్తరాదిది. ఓరుగల్లు ఇంటి పంచాంగం కాదు. ఇంగ్లండులోనూ ఇలాంటి చిక్కే ఉంది. 1752 దాకా అక్కడ చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరిలో పుట్టిన బిడ్డ పాత పుస్తకంలో ముందటి ఏడాది కింద కనబడతాడు. అది తెలియకుండా వంశావళి రాసేవాడు తండ్రి చావుకు ముందే కొడుకుకు ఆస్తి పంచేస్తాడు.

ఇక శాసనంలోని వంశక్రమం. అర్జునుడి సంతతివాళ్లు హస్తినాపురం విడిచి ఓరుగల్లులో రాజులయ్యారు. ఆ వంశంలో కాకతి ప్రతాపరుద్రుడు. అతని తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు వదిలి బస్తర్‌లో రాజయ్యాడు. అతని కొడుకు హమీరదేవుడు. తర్వాత వరసగా భైరజదేవుడు, పురుషోత్తమదేవుడు, జయసింహదేవుడు, నరసింహదేవుడు, జగదీశరాయదేవుడు, వీరనారాయణదేవుడు, వీరసింహదేవుడు. అతని కొడుకు దిక్పాలదేవుడు.

కిందినుంచి పైకి ఎక్కితే మొదటి మెట్లు బలంగా ఉన్నాయి. దిక్పాలుడి తల్లి చందేల్ ఇంటి ఆడపడుచు వదనకుమారి. అతని భార్య వరదీ చందేల్ రావు రతన్ రాజు కూతురు అజబకుమారి. వాళ్ల కొడుకు యువరాజు రక్షపాలదేవుడు. తల్లి, భార్య, మామ, వారసుడు నలుగురూ పేర్లతో ఉన్నారు. ఇంగ్లండు చర్చి పుస్తకాల్లో మొదటి రోజుల్లో చాలాచోట్ల బిడ్డ పేరు, తండ్రి పేరు మాత్రమే ఉంటాయి, తల్లి ఊసే ఉండదు. ఆ విషయంలో దంతెవాడ రాయి ఎంతో ఉదారమైనది. ఇంకొంచెం పైకి వెళితే నరసింహదేవుడి రాణి లఛిమాదేవి కనిపిస్తుంది. చెరువులు తవ్వించి, తోటలు వేయించి, షోడశ మహాదానాలు చేసిన రాణిగా ఆమెను చెప్పారు. ఆపైన పేర్లు తప్ప ఏమీ లేవు. హమీరుడి భార్య ఎవరో, పురుషోత్తముడి తల్లి ఎవరో రాయికి తెలియదు. తాత, ముత్తాతల దాకా జ్ఞాపకం చిక్కగా ఉండి, అవతల పల్చబడడం ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ఆ పల్చదనమే ఈ రాయి నిజాయితీకి గుర్తు. మొత్తం కల్పించాలనుకున్న మనిషి ప్రతి రాజుకీ ఒక రాణిని, ఒక యుద్ధాన్ని అలవోకగా కల్పించగలడు. భగవాన్ మిశ్రుడు ఆ పని చేయలేదు.

అయితే లెక్క ఇబ్బంది పెడుతుంది. 1323 నుంచి 1703 దాకా మూడు వందల ఎనభై ఏళ్లు. అన్నమరాజుకూ దిక్పాలుడికీ మధ్య శాసనం చెప్పేది ఎనిమిది మంది. అంటే తండ్రికీ కొడుక్కీ మధ్య నలభై ఏళ్లు దాటిన ఎడం, అదీ వరసగా తొమ్మిది సార్లు. ఒకటి రెండు తరాల్లో అలా జరగవచ్చు. తొమ్మిది తరాల్లో జరగడం కష్టం. కాకతీయ చరిత్ర మీద పని చేసిన సింథియా టాల్బట్ ఈ కారణంతోనే 1703 వంశావళిని తర్వాతి కాలంలో కూర్చిన గతంగా చూసింది. ఏడు వందల ఏళ్లను ఇరవైరెండుతో భాగిస్తే తరానికి ముప్ఫై రెండేళ్లు వస్తాయి, అది సహజంగానే కనిపిస్తుంది. కానీ సగటు అసలు చోటును కప్పేస్తుంది. సందేహం అంతా 1703కు ముందున్న ఆ తొమ్మిది మెట్ల మీదే ఉంది.

తర్వాతి పుస్తకాలు ఈ ఖాళీని తమకు తోచినట్టు నింపాయి. రాయి మీద లేని ప్రతాపరాజదేవుడు చాలా పట్టికల్లో వచ్చి చేరాడు. పురుషోత్తమదేవుడి పాలన ఒక పట్టికలో 1468 నుంచి 1534, మరో పట్టికలో 1408 నుంచి 1439. ఆ పురుషోత్తముడే పూరీ యాత్ర చేసి వచ్చి బస్తర్ దసరాను, దాని రథాన్ని మొదలుపెట్టాడని స్థానిక సంప్రదాయం. డెబ్బై అయిదు రోజులు సాగే ఆ పండుగ వయసు చెప్పేటప్పుడు ఎవరి చేతిలో ఏ పట్టిక ఉంటే ఆ ఏడాది పలుకుతారు. రెండూ ఒకేసారి నిజం కావు. దిక్పాలుడి కొడుకును శాసనం రక్షపాలుడంటే పట్టికలు రాజపాలుడంటాయి. ఇద్దరూ ఒక్కరే అనుకోవడానికి వరస, కాలం అనుకూలంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పేరు మాత్రమే చూసి ఉంటే రెండు తరాలుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

పై చివరకు, అంటే ఓరుగల్లు వైపుకు వద్దాం. అక్కడ కాకతీయుల సాక్ష్యం మెరుగ్గా ఉంది. ఒక్క రాయి ఎంత పని చేస్తుందో నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనం చూపిస్తుంది. 1289 నవంబరు 27న పువ్వుల ముమ్మడి అనే బంటు, శివలోకానికి వెళ్లిన రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా భూమి దానం చేశాడు. రాణి మరణం తెలిసేది ఒక సేవకుడి దానం వల్ల. ప్రతాపరుద్రుడి చావు కూడా అలాగే. ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున పోయాడని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం సూచిస్తుంది. ఇన్ని సాక్ష్యాలున్న ఆ ఇంట్లో, ఆ కాలపు శాసనాల్లో, ప్రతాపరుద్రుడికి అన్నమ అనే తమ్ముడు కనబడడు. వంశం మాట కూడా కలవదు. తెలుగు నేల మీద కాకతీయులు దుర్జయుడి సంతతిగా చెప్పుకున్నారు. కొన్ని శాసనాలు వాళ్లను సూర్యవంశానికి ముడిపెట్టాయి, మరికొన్ని నాలుగో వర్ణమని నిస్సంకోచంగా చెప్పాయి. దంతెవాడలో మాత్రం వాళ్లు చంద్రవంశపు పాండవులయ్యారు.

ఇంతవరకు వింటే బస్తర్ కథ కట్టుకథ అని తీర్పు చెప్పాలనిపిస్తుంది. ఆ తొందర తప్పు. రెండు సంగతులు అడ్డు నిలుస్తాయి.

మొదటిది ఎదుటి పక్షపు రాయి. బస్తర్‌లో కాకతీయుల పేరు వినబడక ముందు ఆ ప్రాంతాన్ని, అప్పటి పేరుతో చక్రకూటాన్ని, ఏలినవాళ్లు ఛిందక నాగవంశీయులు. బారసూరు వాళ్ల పట్టణం. తెలుగు అప్పటికే ఆ కొలువులో ఉంది. 11వ శతాబ్దంలో నాగరాజు జగదేకభూషణుడి సామంతుడైన తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు బారసూరులో గుడి, చెరువు కట్టించి తెలుగులో శాసనం వేశాడు. ఆ నాగుల్లో చివరగా కనిపించే రాజు హరిశ్చంద్రదేవుడు. అతని పేరు మిగిలింది టేమరా అనే ఊళ్లోని ఒక సతి రాయి మీద. అది శక 1246, అంటే 1324 నాటిది. భర్తతో సహగమనం చేసిన ఒక స్త్రీ కోసం నిలిపిన రాయి, ఏలుతున్న రాజు ఎవరో మనకు చెప్పింది. ఓరుగల్లు పడిన మరుసటి ఏడాదికి చక్రకూటంలో ఇంకా నాగుడే ఉన్నాడు, ఆ తర్వాత నాగుల జాడ లేదు. హరిశ్చంద్రుణ్ని ఓడించి అన్నమరాజు, అంటే పట్టికల్లోని అన్నమదేవుడు, గద్దెనెక్కాడన్న సంప్రదాయం సరిగ్గా ఆ ఖాళీలో కూర్చుంటుంది. పట్టికల్లో అన్నమదేవుడి పాలన 1324తో మొదలవడానికి ఈ రెండు తేదీలే ఆధారమై ఉండవచ్చు. అది రుజువు కాదు. కానీ కథ అబద్ధమని తేల్చగల చోట రాయి అబద్ధమని అనలేదు.

రెండోది పేర్ల సంగతి. హమీర, భైరజ, పురుషోత్తమ, జయసింహ, జగదీశరాయ అన్న పేర్ల వరసలో మొట్టమొదటి పేరు అన్నమ. మిథిల నుంచి వచ్చిన పండితుడు, చందేల్ ఇంటి అల్లుడైన రాజు కోసం పుస్తకం ముందు పెట్టుకుని కల్పిస్తే ఈ తెలుగు పేరు తట్టదు. రాజపుత్ర వియ్యంకులను మెప్పించడానికే అయితే హస్తినాపురం నుంచి నేరుగా బస్తర్‌కు రావచ్చు, మధ్యలో ఓరుగల్లులో ఆగే పని లేదు. ఆ మజిలీ అక్కడ ఉందంటే, తీసేయడానికి వీల్లేనంతగా అది ఆ ఇంటి జ్ఞాపకంలో పాతుకుని ఉందనే ఎంచాలి. ఓరుగల్లు పతనమయ్యాక తెలుగు నేల మీద ఎందరో నాయకులు తమ పుట్టుకను ప్రతాపరుద్రుడి కొలువుకు ముడిపెట్టుకున్నారు. గోదావరి దాటి భోపాలపట్నం మీదుగా ఉత్తరానికి పోయిన ఒక కాకతీయ సేనాని, లేదా ఒక దూరపు దాయాది, తర్వాతి తరాల నోట ప్రతాపరుద్రుడి సొంత తమ్ముడయ్యాడని అనుకుంటే సాక్ష్యాలన్నీ ఒద్దికగా కుదురుతాయి. మధ్యలో కొన్ని తరాల పేర్లు జారిపోయి ఉంటే ఏళ్ల లెక్క కూడా కుదురుతుంది. ఇవాళ అందుబాటులో ఉన్న ఆధారాలతో ఇంతకంటే ముందుకు వెళ్లడం సాహసం, ఇంతకంటే వెనక్కి వెళ్లడం ఆ రాయికి అన్యాయం.

దిక్పాలుడి తర్వాత దారి వెలుగులో పడుతుంది. చందేల్ వియ్యాలు ఆ ఇంటిని ఎంత మార్చాయో వెంటనే తెలుస్తుంది. రాజపాలుడు పోయాక అతని చందేల్ రాణి సోదరుడు గద్దెను ఆక్రమించాడు. వంశచరిత్రలు అతన్ని చందేల్ మామ అంటాయి. 1731లో దలపతిదేవుడు తిరిగి రాజ్యం దక్కించుకున్నాడు, రాజధానిని బస్తర్ ఊరి నుంచి జగదల్‌పూర్‌కు మార్చింది కూడా అతనే. 1778 కోట్‌పాడ్ ఒప్పందం నాటికి మరాఠా కాగితాలు, ఆ తర్వాత ఇంగ్లీషు కాగితాలు వచ్చాయి. 1862లో గ్లాస్‌ఫర్డ్ నివేదిక, 1908లో కేదార్‌నాథ్ ఠాకూర్ 'బస్తర్ భూషణ్', 1909లో డి బ్రెట్ గెజిటీర్. అక్కడి నుంచి తరాల గురించి సందేహం లేదు, తగాదాలు మాత్రం ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు 20వ శతాబ్దంలో వచ్చింది. 1921లో రుద్రప్రతాపదేవుడు కొడుకులు లేకుండా పోయాడు. అతని కూతురు, చిన్నపిల్ల ప్రఫుల్లకుమారీదేవి రాణి అయింది. ఆమె పెళ్లాడింది మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందిన ప్రఫుల్లచంద్ర భంజ్‌దేవ్‌ను. 1936లో ఆమె లండన్‌లో పోయాక చిన్నవాడైన కొడుకు ప్రవీరచంద్ర భంజ్‌దేవ్ రాజయ్యాడు. ఇంటిపేరు తండ్రిది, రాజ్యం తల్లిది. దీన్ని పట్టుకుని ఇక కాకతీయ వంశమెక్కడుందని కొందరు అంటారు. అలా అనేవాళ్లు ఓరుగల్లు చరిత్ర మరిచిపోయినట్టే. గణపతిదేవుడికి కొడుకుల్లేరు, కూతురు రుద్రమ ఏలింది. రుద్రమకు కొడుకుల్లేరు, కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ని దత్తు తీసుకుంది. మగ వరసే వంశమైతే ప్రతాపరుద్రుడే కాకతీయుడు కాడు. కూతురి కొడుకును ఓరుగల్లు ఒప్పుకుంది, జగదల్‌పూర్ ఒప్పుకుంది. ఆరువందల ఏళ్ల ఎడంలో రెండు గద్దెల మీద ఒకే తీరు వారసత్వం నిలబడింది.

ప్రవీరచంద్ర విషయంలో రాత ఒకటైతే జనం మాట ఒకటైంది. 1961లో భారత ప్రభుత్వం అతని గుర్తింపును రద్దు చేసి తమ్ముడు విజయచంద్రను రాజుగా ప్రకటించింది. ఆ మార్చిలోనే లోహండిగూడలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆదివాసులకు మాత్రం దంతేశ్వరి పూజారి, తమ రాజు ప్రవీరచంద్రే. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ఆయన, ఆయనతోపాటు ఆదివాసులు చనిపోయారు. ఆ రోజు పోయిన ఆదివాసుల వంశావళులు ఏ రాయి మీదా లేవు. ఈ విషయంలో కోలిటన్ కూలివాడు బస్తర్ మడియా రైతు కంటే అదృష్టవంతుడు. మడియాలకు తమ పద్ధతి తమకుంది. చనిపోయినవాళ్లకు నిలువురాళ్లు, చెక్కిన స్తంభాలు నిలుపుతారు, ఏ గోత్రంవాళ్ల రాళ్లు ఎక్కడో ఆ గోత్రానికి తెలుసు. 1927 నుంచి 1931 దాకా బస్తర్‌లో పరిపాలకుడిగా ఉన్న గ్రిగ్సన్ 1938లో అచ్చువేసిన పుస్తకంలో మడియాల జీవితాన్ని వివరంగా రాశాడు. ఆ రాళ్లను ఊరూరా, గోత్రం వారీగా పట్టిక వేస్తే రాజుల వంశావళి ఎన్నడూ చెప్పలేని బస్తర్ చరిత్ర తయారవుతుంది. రాళ్ల పేర్లు చెప్పగల పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.

రాజవంశం వైపు పని వియ్యాలవారి ఇళ్లలో ఉంది. ఇంగ్లండులో పెళ్లికొడుకు ఊరి పుస్తకం చినిగిపోతే పెళ్లికూతురి ఊరికి పోతారు. ఇక్కడ వదనకుమారి, అజబకుమారి పుట్టిళ్లయిన చందేల్ శాఖల వంశావళులు చూడాలి, నవరంగపూర్‌తో ముడిపడిన ఒడిశాలోని జయపురం సంస్థానపు కాగితాలు చూడాలి. తెలుగు వైపున మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల చరిత్రల్లో, అంటే కైఫీయతుల్లో, గోదావరి ఒడ్డు ఊళ్లవి, భోపాలపట్నానికి ఎదుటి గట్టువి, ఉత్తరానికి పోయిన దాయాదుల ప్రస్తావన కోసం ఒక్కొక్కటే తిప్పాలి. జయసింహదేవుడి కాలానికో, పురుషోత్తమదేవుడి కాలానికో చెందిన ఒక్క పెళ్లి, తిథి వారాలతో సహా, ఆ ఇళ్లలో ఎక్కడైనా దొరికితే పట్టికల్లోని రెండు లెక్కల్లో ఏది నిలబడుతుందో, మధ్యలో ఎన్ని తరాలు జారిపోయాయో అప్పుడు లెక్కగట్టవచ్చు.